ముక్కెత్తి నడిచిన బండి

రాట్నం మావయ్యని ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే గుర్రాలు తోలుతానని చెబుతాడు. అడిగినవాళ్ళు ఆయన్ని ఎగాదిగా చూస్తారు. చొక్కా గుండీల మధ్య నించి బొజ్జ తొంగిచూస్తుంటుంది, కళ్ళు ఎప్పుడూ సగం మూతపడే ఉంటాయి, ఈయన ఎక్కితే గుర్రం గతేం కాను అనుకుంటారు. అవి చెక్క గుర్రాలని ఆయన ఆఖర్న చెబుతాడు. అదీ అడిగితేనే.

ఆయనది రంగులరాట్నం. తండ్రి చేతి మీదుగా వచ్చింది. ఒక్కో ఊళ్ళో కొన్నాళ్ళు నిలబెట్టడం, జనం పలచబడగానే విప్పేసి ట్రైలర్ మీదికి ఎక్కించడం, ముందు పికప్పు బండి తగిలించుకుని ఇంకో ఊరు పోవడం. వానలు వెనకబట్టి మైదానాలు ఆరగానే బయల్దేరితే మళ్ళీ వానలదాకా రోడ్డే ఇల్లు. పక్క సీట్లో భార్య. పెళ్ళయిన దగ్గర్నించీ అంతే. టిక్కెట్లు చించేది ఆవిడ, పిల్లల్ని గుర్రాల మీద కూర్చోబెట్టి బెల్టు బిగించేది ఆవిడ, ఏడ్చేవాణ్ణి దింపి ఏడవనివాణ్ణి ఎక్కించేదీ ఆవిడే. ఆయన మీట నొక్కుతాడు. నొక్కి, లేస్తూ దిగుతూ తిరిగే గుర్రాల్ని చూస్తూ ఎక్కడికో వెళ్ళిపోతాడు. ఏమండీ ఆపండి, పిల్లలకి కళ్ళు తిరుగుతున్నాయి అని ఆవిడ కేకేస్తే గానీ ఈ లోకంలోకి రాడు.

బండి నడిపేటప్పుడూ అదే వరస. ఈ మధ్య రెండు మూడేళ్ళుగా బండి నడక మారింది. ట్రైలర్ తగిలించగానే పికప్పు వెనక భాగం కుంగి చతికిలబడేది, ముందు భాగం ముక్కెత్తి ఆకాశంలోకి చూసేది. పొద్దువాలాక లైట్లు వేస్తే వెలుగు రోడ్డు మీద పడడం మానేసి చెట్ల చివళ్ళ మీదా, మేడల పై అంతస్తు కిటికీల మీదా పడేది. గూళ్ళలో సర్దుకుంటున్న పిట్టలు ఉలిక్కిపడి లేచేవి. కిటికీలో దువ్వుకుంటున్న ఒకావిడ దువ్వెన అలాగే పట్టుకుని కిందికి చూసేది. స్టీరింగేమో దూదిపింజలా తేలిక. ముందు టైర్లు నేలకి ఆనుతున్నాయో లేదో తెలిసేది కాదు. చిన్న గతుకు తగిలినా బండి పడవలా లేచి, నింపాదిగా దిగి, మళ్ళీ లేచేది. ఇంకొకడైతే హడలిచచ్చేవాడు. రాట్నం మావయ్యకి మాత్రం అదో సుఖం. ఇన్నేళ్ళూ మీట దగ్గర నిలబడి ఊరందరి పిల్లలూ తేలిపోవడం చూసినవాడు కదా, ఇప్పటికి తన వంతు వచ్చినట్టుండేది. నేల మీద కాదు, మబ్బులకి కాస్త దిగువన ఎక్కడో ఆయన, ఆయన వెనక నిద్రపోతున్న గుర్రాలు. బండికి జబ్బు చేసిందని ఆయనకి తోచలేదు. వయసొచ్చి మెత్తబడిందనుకున్నాడు.

ఆవిడకి తోచింది. చెప్పింది కూడా. వెనక టైరు పై రేకుకి రాసుకుంటోందని ఒకసారి, ఎదురొచ్చేవాళ్ళు లైట్లు దించమని తిడుతున్నారని ఒకసారి, మలుపులో బండి చెప్పిన మాట వినట్లేదని ఇంకోసారి. ఆయన ఊఁ కొట్టాడు. ఊఁ కొట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు.

కిందటి సీజను చివర్లో ఇంటికి తిరిగొస్తుంటే, వంతెన మీదికి దిగే పల్లంలో పెద్ద బస్సొకటి పక్కనించి దూసుకుపోయింది. ఆ గాలికి ట్రైలర్ తోక ఊపింది. కుక్క తోక ఊపినట్టు కాదు, మొసలి ఊపినట్టు. ఆయన స్టీరింగు ఇటు తిప్పితే బండి అటు పోయింది. ముందు టైర్లకి పట్టుంటే కదా. ఆ ఊపూ ఈ ఊపూ అయ్యాక పక్కన పోసిన కంకరగుట్టలో దిగబడి ఆగింది. ఒక గుర్రం కాలు విరిగింది, మనుషులకేమీ కాలేదు. ఆయన ఆవిడ వైపు తిరిగి ఏదో అనబోయాడు. ఆవిడ సీటు అంచుకి బిగుసుకుపోయిన తన వేళ్ళని ఒక్కొక్కటే విడదీసుకుంటోంది. ఆవిడ తలుపు తీసుకుని దిగి, సంచి భుజాన వేసుకుని, వెనక వస్తున్న పాల వ్యాను ఆపి ఎక్కి వెళ్ళిపోయింది.

కొట్లాట లేదు, ఏడుపు లేదు. ఆయన ఇల్లు చేరేసరికి ఆవిడ ఇంట్లోనే ఉంది. వానాకాలమంతా మామూలుగానే గడిచింది. విరిగిన కాలు అతికించింది, గుర్రాలకి రంగులు వేసింది, జూలు మీద పిల్లల చేతులు పడి అరిగిపోయిన చోటల్లా పసుపు పూసింది. హమ్మయ్య, మర్చిపోయిందనుకున్నాడాయన. మొదటి ఊరికి బయల్దేరే వారంలో, బట్టలు మడత పెడుతూ నిదానంగా చెప్పింది, తను రానని. ఆ బండి ఎక్కనని. సీజను అయ్యేదాకా తమ్ముడింట్లో ఉంటానని.

ఆయన గతుక్కుమన్నాడు. పోనీ నువ్వు బస్సులో రా, నేను బండి తెస్తాను అన్నాడు.

"బస్సులో ముందే వచ్చి, మీరొస్తారో రారోనని ఆ మైదానంలో నిలబడి రోడ్డు వంక చూస్తుండమంటారా? నా వల్ల కాదు."

ఆయన పెరట్లోకి వెళ్ళి బండి ఎక్కి కూర్చుని, పక్క సీటు ఖాళీగా ఉంటే దారి ఎలా ఉంటుందో ఊహించుకోబోయాడు. ఊహించుకోవడం ఒక్కటే ఆయనకి బాగా చేతనైన పని. ఆవేళ అదీ చేతకాలేదు.

మర్నాడు పొద్దున్నే ట్రైలర్‌తో సహా బండి తీసుకుని బావమరిది షెడ్డుకి వెళ్ళాడు. బావమరిదిది కమాన్ల పని. బండి వెనక చక్రాల పైన, విల్లులా వంచిన ఇనప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన కట్ట ఉంటుంది చూశారూ, అదే కమాను. మీద బరువంతా అదే మోయాలి. షెడ్డు గోడకి కొలత టేపు వేలాడుతూనే ఉంటుంది గానీ అతను దాని మొహం చూడడు. ఏదైనా అరచేత్తోనే. బెత్తెడు ఎక్కువైంది, బెత్తెడు తగ్గింది అంటూ ఉంటాడు కాబట్టి వీధంతా బెత్తెడు మేస్త్రి అనే పిలుస్తారు.

"ఏం బావా, మా అక్క చెప్పింది ఇప్పటికి వినబడిందా నీకు?"

"వినబడుతూనే ఉందిరా. లేవడానికే ఆలస్యమైంది."

మేస్త్రి బండి కిందికి దూరాడు. కాళ్ళు మాత్రమే బయట పెట్టుకుని లోపల్నించి ఒక్కో ముక్కా చదివినట్టు చెప్పుకుపోయాడు. పట్టీల చివర రబ్బరు బుష్షులు నలిగి పొడైపోయాయి. గతుకుల్లో ఊపు ఆపాల్సిన షాక్ అబ్సార్బర్లు ఉన్న నూనె కాస్తా కక్కేసి ఉత్త గొట్టాలైపోయాయి. ఇక కమాను సంగతి చెప్పక్కర్లేదు, వంపన్నది లేకుండా చాపలా పరుచుకుపోయింది.

"ఇది కమాను కాదు బావా, బల్ల. పడుకోవడానికి బావుంటుంది."

"అందుకేనేమోరా, ఎక్కగానే నిద్రొచ్చేది."

కాళ్ళు కూడా నవ్వాయి. కానీ బయటికొచ్చాక మేస్త్రి మొహంలో నవ్వు లేదు. అక్క ఉంటానంటే నాకు సంతోషమే, కానీ నువ్వు లేకుండా అది మా ఇంట్లో ఎన్నాళ్ళు నవ్వుతుంది అని మాత్రం అన్నాడు. రాట్నం మావయ్య పాత టైర్ల గుట్ట మీద కూలబడ్డాడు.

పట్టీలన్నీ విప్పి కొలిమిలో పెట్టారు. ఆ షెడ్డులో మధ్యాహ్నపు ఎండ రేకుల చిల్లుల్లోంచి చుక్కలు చుక్కలుగా పడుతూ ఉంటుంది. తోలుతిత్తి బదులు ఇప్పుడు చిన్న ఫ్యాను గుర్రుమంటూ గాలి కొడుతుంది. ఎర్రబడ్డ పట్టీని పట్టకారుతో తీసి, దిమ్మ మీద పెట్టి, మేస్త్రి సుత్తితో నింపాదిగా వంపు తెస్తున్నాడు. టంగ్, టంగ్, మళ్ళీ టంగ్. చూస్తుండగానే పట్టీ సన్నటి నెలవంకలా ఒళ్ళు విరుచుకుంది. నూనెలో ముంచగానే బుస్సుమని పొగ లేచింది. ఆ పొగలో రాట్నం మావయ్యకి గుర్రాలు కనబడ్డాయి. వాటి వెన్నులూ ఇలాగే వంపు తిరిగి ఉంటాయి, ఆ వంపులో ఎంతమంది పిల్లలు కూర్చుని దిగిపోయారో, వాళ్ళ పిల్లలు ఇప్పుడెక్కుతున్నారు. గుర్రాలన్నీ పొగలో తేలుతూ రేకుల చిల్లుల్లోంచి ఒక్కొక్కటే బయటికి పోతున్నాయి. చివరి గుర్రం పక్కన ఆవిడ నడుస్తోంది, కళ్ళెం పట్టుకుని. ఎక్కట్లేదు, నడుస్తోంది. ఆయన పిలుద్దామనుకునేలోపు మేస్త్రి భుజం తట్టి పట్టీ అవతలి కొస పట్టుకోమన్నాడు.

కొత్త బుష్షులు, కొత్త షాక్ అబ్సార్బర్లు వేశారు. కమానుకి అదనంగా పొట్టి పట్టీ ఒకటి చేర్చాడు మేస్త్రి. దాన్ని తోడు పట్టీ అంటాడతను. ఖాళీ బండిలో ఊరికే ఉంటుందట, బరువు పడగానే వచ్చి భుజం ఇస్తుందట.

"మీ అక్కలాగ అన్నమాట."

"మా అక్క తోడు పట్టీ ఏంటి బావా, ఇరుసు."

అన్నీ బిగించి, సామాను ఎక్కించి ఉన్న ట్రైలర్ని తగిలించి చూశారు. టైరుకీ పై రేకుకీ మధ్య మేస్త్రి చెయ్యి పెట్టాడు. ట్రైలర్ లేనప్పుడు జానెడు సందు, తగిలించాక బెత్తెడు. ఇదివరకు వేళ్ళు కూడా దూరేవి కాదు కాబట్టి బాగుపడ్డట్టే. కానీ బండి ముక్కు ఇంకా పైకే ఉంది. మేస్త్రికి రోషమొచ్చింది. ఇంకో పట్టీ వేశాడు. ఖాళీ బండిని వీధి చుట్టూ ఒకసారి తిప్పి చూస్తే అది కప్పలా గెంతింది, రాట్నం మావయ్య పళ్ళు టకటకలాడాయి. పోనీ అని ట్రైలర్ తగిలిస్తే మళ్ళీ ముక్కు పైకే. బావా బావమరిదీ ఇద్దరూ బండి వెనక గొంతుక్కూర్చుని, అలిగిన కొత్త పెళ్ళికూతుర్ని చూసినట్టు దాన్ని చూస్తూ ఉండిపోయారు.

అప్పుడొచ్చింది ఆవిడ, పొద్దున్నే బట్టల సంచితో చేరిన తమ్ముడింటి నించి ఫ్లాస్కులో టీ తీసుకుని. బండి గురించి ఏమీ అడగలేదు. రెండు గ్లాసులు నింపి చెరొకటి ఇచ్చి, ట్రైలర్ చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. తిరిగొచ్చి తాపీగా అడిగింది.

"పెద్దాయన్ని అక్కడెందుకు కూర్చోబెట్టారు?"

పెద్దాయనంటే మనిషి కాదు. రాట్నం నడిమధ్య నిలబడే ఇనప డోలు. మోటారూ పళ్ళచక్రాలూ అన్నీ దాని పొట్టలోనే ఉంటాయి. రాట్నమంతటి బరువూ ఒకెత్తు, అదొక్కటీ ఒకెత్తు. ఆ ఇంటి ఆచారం ఏంటంటే పెద్దాయన ఎక్కందే గుర్రం ఎక్కకూడదు. మొట్టమొదట ఆయన్ని ఎక్కించి, అందరికంటే ముందు, డ్రైవరు వీపుకి దగ్గరగా కూర్చోబెట్టాలి. తండ్రి అలాగే చేసేవాడు. ఎక్కించాక డోలు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి పద పెద్దాయనా అనేవాడు. కొడుకూ ఆ రెండు దెబ్బలు ఏనాడూ మర్చిపోలేదు. అదే చెప్పాడు భార్యకి, నాన్న వరస అది అని.

ఆవిడ ఫ్లాస్కు మూత అంచు తుడుస్తూ వింది.

"మావయ్యగారు లారీ తోలేవారండీ. క్యాబిన్ వెనకే బరువు పెడితే లారీకి మంచిది. లారీ పోయి ఇది వచ్చింది, వరస మాత్రం మారలేదు. ఆయన ఉంటే మార్చకపోయేవారా?"

రాట్నం మావయ్య టీ అలాగే పట్టుకుని ట్రైలర్ని చూశాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి చూసినట్టు చూశాడు. ట్రైలర్ మెడ వెళ్ళి పికప్పు కొక్కెం మీద ఆనుతుంది. పెద్దాయన ఎక్కి కూర్చుంది సరిగ్గా ఆ మెడ మీద. అంటే ఆయన బరువంతా పికప్పు తోకకి వేలాడుతోంది. తోక నొక్కితే ముక్కు లేవదా మరి. తను మబ్బుల్లో తేలాననుకున్నదంతా ఈ నొక్కుడే. రాట్నం మావయ్య మొహం చిన్నబోయింది. తండ్రిని ఎవరో ఏదో అన్నట్టుగా ఉంది, ఎవరూ ఏమీ అనలేదనీ తెలుస్తోంది. గ్లాసు కింద పెట్టి తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు.

మనిషికి తప్పు తెలిసొస్తే అంతటితో ఆగుతాడా, ఆ చివరినించి ఈ చివరికి పోతాడు. పెద్దాయన్ని, కింద గొట్టాలు వేసి దొర్లించుకుంటూ తీసుకెళ్ళి ట్రైలర్ కొట్టకొసన పెట్టారు. పికప్పు ముక్కు బుద్ధిగా కిందికి దిగింది. మేస్త్రి చెయ్యి పెట్టి చూసి మురిసిపోయాడు. ఆవిడ మాత్రం మెచ్చుకోలేదు. మీరు నడపండి, నేను తమ్ముడి స్కూటర్ మీద వెనకే వస్తూ చూస్తాను అంది.

సరేనని బయల్దేరారు. బస్ డిపో దాటారో లేదో, గాలి లేదు, ఎదురుగా బస్సు లేదు, ట్రైలర్ తనంతట తనే అటొకసారి ఇటొకసారి జరగడం మొదలెట్టింది. రాట్నం మావయ్య అద్దంలో చూస్తే స్కూటర్ మీద ఆవిడ చెయ్యెత్తి ఉంది. మెల్లగా పక్కకి తీసి ఆపాడు.

ఆవిడ దగ్గరికొచ్చి ఇప్పుడు తోక బరువైపోయిందని చెప్పింది. మేస్త్రి తల గోక్కుంటూ, మెడ మీద కాస్తో కూస్తో బరువు ఉండాలి బావా, బొత్తిగా లేకపోతే ట్రైలర్ నీ వెనక రాదు, నీ ఇష్టం నాదేంటి అంటుంది అన్నాడు. ఆ మాట ముందే చెప్పొచ్చు కదరా అని ఆవిడ తమ్ముణ్ణి చూసింది. నాది కమాన్ల పని అక్కా, సామాను సర్దుడు కాదు అని అతను స్కూటర్ వెనక్కి జరిగాడు. ఆవిడ రోడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చుంది. కూర్చున్న తీరు చూస్తే, ఈ పూటతో తేలిపోవాలి అన్నట్టుంది.

రాట్నం మావయ్య ట్రైలర్ ఎక్కి గుర్రాల మధ్య నిలబడ్డాడు. సాయంత్రపు ఎండ వాటి రంగుల మీద మెత్తగా పడుతోంది. ఒక గుర్రం మెడ మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు. మళ్ళీ కలలోకి వెళ్ళాడని మేస్త్రి అనుకున్నాడు. వెళ్ళాడు కూడా, కాకపోతే ఈసారి కలలో పని చేస్తున్నాడు. మైదానంలో రాట్నం నిలబెట్టేటప్పుడు ఏం చేస్తాం? ముందు పెద్దాయన్ని నడిమధ్య నిలబెడతాం. తర్వాత ఈ పక్కన ఒక గుర్రాన్ని తగిలిస్తే వెంటనే వెళ్ళి దానికి ఎదురుపక్కన ఇంకోదాన్ని తగిలిస్తాం. ఒకే పక్కన రెండు తగిలించామా, చట్రం ఒరిగిపోతుంది. నిలబెట్టేటప్పుడు ఇంత జాగ్రత్తగా ఉండేవాడు, పడుకోబెట్టేటప్పుడు మాత్రం కట్టెల మోపు కట్టినట్టు కట్టేస్తున్నాడు.

అంతే, కిందికి దిగి బావమరిదిని పిలిచాడు. పెద్దాయన్ని మళ్ళీ దొర్లించి ట్రైలర్ చక్రాల మీదికి, ఇరుసుకి రవ్వంత ముందుకి తెచ్చారు. ఆయనకి ముందొక గుర్రం పెడితే వెనకొక గుర్రం. పిల్లతల్లులు కూర్చునే హంస బల్లలు రెండూ మాత్రం ముందు భాగంలో పెట్టాడు, మెడకి ఆ మాత్రం బరువు ఉండాలని. పికప్పు తోకలో పడేసి ఉన్న మంచాల్నీ పొయ్యినీ పనిముట్ల పెట్టెనీ క్యాబిన్ దగ్గరికి జరిపాడు. మేస్త్రి రోషంతో వేసిన ఆ అదనపు పట్టీని అక్కడే, రోడ్డు పక్కనే జాకీ పెట్టి విప్పించాడు. పనంతా అయ్యాక మేస్త్రి టైరు దగ్గర చెయ్యి పెట్టబోతే ఆయనే ఆపి తన చెయ్యి పెట్టాడు. జానెడుకి ఒక వేలు తక్కువ. ముందు చక్రం దగ్గరా పెట్టి చూశాడు. పికప్పూ ట్రైలరూ ఒకే గీత మీద నిలబడ్డాయి.

అలవాటుగా డోలు మీద రెండు దెబ్బలు వెయ్యబోయి చెయ్యి గాల్లో ఆపాడు. నాన్నా, కాస్త వెనక్కి జరిపానని మనసులో చెప్పుకుని, అప్పుడు వేశాడు.

బండి కదిలింది. స్టీరింగు బరువుగా ఉంది. తిప్పితే తిరిగినంతమేరే తిరుగుతోంది, వదిలితే తిన్నగా వస్తోంది. గతుకులో దిగి, లేచి, ఇక అక్కడితో ఊరుకుంటోంది. పడవ లేదు, మబ్బు లేదు, తేలడం లేదు. ఎవరో భుజాలు పట్టి నేల మీద దింపేసినట్టుంది. చాలా ఏళ్ళ తర్వాత ఊరొచ్చినవాడిలా ముందుకి చూశాడు. లైట్లు వేస్తే వెలుగు రోడ్డు మీదే పరుచుకుంది. తారులో మెరిసే రాతి నలుసులు, మాసిపోయిన తెల్లగీత, గీత పక్కన ఎవరిదో పడిపోయిన చెయ్యి తొడుగు, అంచున నెమ్మదిగా ఊగే గడ్డి. ఇవన్నీ ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నాయా అనుకున్నాడు. చూసేకొద్దీ ఆ వెలుగు ముందుకి ముందుకి పోతూ, రోడ్డు ఆయన కోసం ఒక్కో బారే తయారవుతున్నట్టుంది. ఇదీ కలలాగే ఉంది. కాకపోతే కళ్ళు తెరిచి చూడాల్సిన కల.

అద్దంలో స్కూటర్ దీపం చిన్న చుక్కలా వెంటే వస్తోంది. ఆవిడ మొహం కనబడదు, తల ఆకారం మాత్రం తమ్ముడి భుజం పక్కనించి వంగి ట్రైలర్ చక్రాలనే చూస్తోంది. ఎదురుగా బస్సు వచ్చింది. ఆయన స్టీరింగు బిగించి పట్టుకున్నాడు. బస్సు గాలి కొట్టి పోయింది. ట్రైలర్ ఒక్కసారి ఊపిరి పీల్చినట్టు కదిలి, మళ్ళీ ఆయన వెనకే సర్దుకుంది.

ఆయనింకా నమ్మనే లేదు, స్కూటర్ వేగం పెంచి పక్కకొచ్చింది. ఆవిడ చెయ్యెత్తి ఆపమంది. ఏం చూసిందో, ఇంకేం వంక ఉందో అని ఆయన ప్రాణం ఉసూరుమంది. పక్కకి తీసి, ఇంజను ఆపకుండా, తల తిప్పకుండా కూర్చున్నాడు.

పక్క తలుపు తెరుచుకుంది. ఆవిడ ఎక్కి కూర్చుని, కాళ్ళ దగ్గరున్న తాళ్ళ చుట్టని పక్కకి నెట్టి, తలుపు లాగింది. అది సరిగ్గా పడలేదు, మళ్ళీ గట్టిగా లాగింది. కిటికీలోంచి బయటికి వంగి తమ్ముడితో చెప్పింది.

"ఒరేయ్, మీ ఆవిడతో చెప్పు, రాత్రికి నా వాటా వండొద్దని. నా బట్టల సంచి పొద్దున్న మొదటి ఊరికి పోయే బస్సులో వేసెయ్."

తమ్ముడు ఏదో అంటున్నాడు గానీ వినబడలేదు. ఆవిడ అప్పటికే ఇటు తిరిగి, ఆయన వంక చూసి, ఇంకా ఆగి ఉన్నామెందుకన్నట్టు గడ్డంతో ముందుకి చూపించింది. ఆయన గేరు వేశాడు.